షూస్ విప్పితే పేస్ ఏమవుతుంది?

పోయిన ఏడాది నవంబరులో అయ్యప్ప మాల వేసుకున్నాను. దీక్షలో కాళ్లకు చెప్పులుండవు. మాల వేసుకోవాలన్న ఆలోచన వచ్చిన దగ్గర్నుంచీ నా టెన్షనంతా ఒక్కదాని గురించే, పొద్దున పూట పరుగు సంగతేంటని. నలభై ఒక్క రోజులు మానేస్తే ఏడాది పొడుగునా కూడబెట్టుకున్న దమ్ము కాస్తా పోతుంది. గురుస్వామిని అడిగాను. ఆయన నవ్వారు. "కొండ ఎక్కేది ఉత్త కాళ్లతోనే గదా స్వామీ, ఉరికితే ఏమైతది? కింద చూస్కుంట ఉరుకుండ్రి, అంతే" అన్నారు.

మర్నాడు తెల్లవారుజామున స్నానం, పూజ ముగించుకుని నెక్లెస్ రోడ్డుకు వెళ్లాను. అంతకుముందు వారం అదే రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు, షూస్‌తో, కిలోమీటరుకు 6 నిమిషాల చొప్పున హాయిగా పరుగెత్తినవాణ్ని. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలన్న ఈ లెక్కనే మా రన్నర్లు పేస్ అంటారు. ఆ రోజు మొదటి కిలోమీటరుకు వాచీ 7:10, అంటే ఏడు నిమిషాల పది సెకన్లు, చూపించింది. రెండోదానికి 7:25. మూడోది సగంలో ఉండగానే పిక్కలు రాళ్లయిపోయాయి. ఇక నడుచుకుంటూ వెనక్కి వచ్చాను. పీపుల్స్ ప్లాజా దగ్గర రోజూ కలిసే మిత్రుడు నా కాళ్లకేసి చూసి, "అదేంది స్వామీ, ఉత్త కాళ్లతో ఉరికితే స్పీడ్ పెరుగుతదంటరు, మీరేంది ఆఖర్ల వస్తున్నరు?" అని ఆటపట్టించాడు.

అతను ఊరికే అన్నమాట కాదది. రన్నర్లలో సగం మంది నోట అదే వినిపిస్తుంది. రెండో సగం అది పిచ్చి పని అంటారు. నాకైతే ఆ నలభై ఒక్క రోజుల్లో అర్థమైంది ఏమిటంటే, వట్టి కాళ్లతో పేస్ మెరుగవుతుందా దిగజారుతుందా అనేది ఒక ప్రశ్న కానే కాదు. మూడు నాలుగు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుని ముడిపడ్డాయి. షూ బరువు ఒక పోగు, మెత్తదనం ఇంకో పోగు, రోడ్డు మరొకటి, మన భయం ఇంకొకటి. ఏ పోగుకు ఎన్ని సెకన్లో విడివిడిగా చూస్తే తప్ప వాదన తెగదు.

ముందు ఈ మోజు ఎక్కడ ఊపందుకుందో చెప్పాలి. 2010 జనవరిలో హార్వర్డ్ యూనివర్సిటీకి చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. చిన్నప్పటి నుంచీ చెప్పుల్లేకుండా పరుగెత్తిన కెన్యా రన్నర్లు ఎక్కువగా పాదం ముందు భాగం మీద దిగుతున్నారని, మెత్తటి షూస్‌కు అలవాటుపడ్డవాళ్లు మడమ మీద దిగుతున్నారని, మడమ మీద దిగినప్పుడు ఒక్కసారిగా శరీర బరువుకు ఒకటిన్నర నుంచి మూడింతల దెబ్బ కాలికి తగులుతోందని దాని సారాంశం. ఆ తర్వాత చాలామంది షూస్ విప్పడం మొదలుపెట్టారు. వేలికో అర ఉండే గ్లౌజు లాంటి షూస్ కూడా తెగ అమ్ముడుపోయాయి. అయితే ఆ పరిశోధన కొలిచింది దెబ్బను. వేగాన్ని కాదు. దెబ్బ తగ్గుతుందన్న మాట నలుగురి నోళ్లలో పడి, గాయాలు కావనే మాటగా, ఆపైన స్పీడ్ పెరుగుతుందనే మాటగా మారిపోయింది. 2014లో ఆ వేళ్ల షూస్ తయారుచేసే విబ్రామ్ కంపెనీ, ఆరోగ్య ప్రయోజనాల గురించి ఆధారం లేని ప్రచారం చేసిందన్న దావాలో, తప్పు ఒప్పుకోకుండానే, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కివ్వడానికి 37.5 లక్షల డాలర్లు కేటాయించి రాజీ పడింది.

ఇక లెక్కకు వద్దాం. వేగమంటే చివరికి రెండు అంకెల గుణకారమే. నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నాం, ఒక్కో అడుగుకు ఎంత దూరం పోతున్నాం. కిలోమీటరుకు 6 నిమిషాలంటే నిమిషానికి దాదాపు 167 మీటర్లు. నిమిషానికి 160 అడుగులు వేసేవాడికి ఒక్కో అడుగూ 104 సెంటీమీటర్లు పడాలి. 175 వేసేవాడికి 95 చాలు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కనే పరుగెత్తొచ్చు. వాచీకి తేడా కనిపించదు. మోకాలికీ పిక్కకూ మాత్రం తెలుస్తుంది.

షూస్ విప్పగానే ఈ రెండంకెలూ మారతాయి. ఎవరూ నేర్పక్కర్లేదు. నమ్మకపోతే మీ అపార్ట్‌మెంట్ మేడ మీదికి వెళ్లి, వట్టి కాళ్లతో ఓ ఇరవై మీటర్లు పరుగెత్తి చూడండి. రెండో అడుగుకే అంగ దానంతటదే చిన్నదవుతుంది. పెద్ద అంగ వేస్తే కాలు ఒంటికి ముందుకు చాచుకుని మడమ మీద దిగుతుంది, మడమ ఎముకకూ సిమెంటుకూ మధ్య ఏమీ లేకపోతే ఆ నొప్పి నెత్తికెక్కుతుంది. అందుకని కాలు తెలివిగా ఒంటి కిందికే వచ్చి, పాదం మధ్య భాగం మీదో ముందు భాగం మీదో దిగుతుంది. అంగ తగ్గినందుకు అడుగుల సంఖ్య పెరుగుతుంది.

నా మొదటి రోజు లెక్క వాచీలో భద్రంగా ఉంది. షూస్‌తో నాకు నిమిషానికి 162 అడుగులు, అడుగుకు 103 సెంటీమీటర్లు. వట్టి కాళ్లతో 172 అడుగులు, అడుగుకు 81 సెంటీమీటర్లు. అడుగులు పది పెరిగాయి, అంగ 22 సెంటీమీటర్లు తెగ్గోసుకుపోయింది. ఇక్కడ కాసేపు ఆగి చూడాలి. 172 అడుగులతో అదే 6 నిమిషాల పేస్ రావాలంటే 97 సెంటీమీటర్ల అంగ సరిపోయేది. అంటే వట్టి కాళ్ల పరుగు పద్ధతికి నిజంగా అవసరమైన కోత 6 సెంటీమీటర్లే. మిగతా 16 సెంటీమీటర్లు భయం. గాజుపెంకు ఉందేమో, కంకర గుచ్చుకుంటుందేమో అని కాలు ముందుకు పోకుండా వెనక్కి లాగిన దూరం అది.

షూస్ విప్పితే బరువు తగ్గుతుంది కదా, ఆ లాభం ఏమైందని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కాలి చివర మోసే బరువు వీపు మీద బరువు లాంటిది కాదు, ప్రతి అడుగుకూ ఎత్తి, ఊపి, దించాలి. ఒక్కో షూకు 100 గ్రాములు పెరిగితే పరుగుకు కావలసిన ఆక్సిజన్ సుమారు ఒక శాతం పెరుగుతుందని 1980ల నుంచీ తెలుసు. 2016లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్ ల్యాబ్‌లో దీన్ని నేరుగా వేగంతో ముడిపెట్టి చూశారు. రన్నర్లకు చెప్పకుండా షూస్‌లో బరువు దాచిపెట్టి 3,000 మీటర్లు పరుగెత్తించారు. ఒక్కో షూకు 100 గ్రాములు ఎక్కువైనప్పుడు టైమ్ 0.78 శాతం పెరిగింది.

దీన్ని మన పేస్‌కు మార్చుకుందాం. కిలోమీటరుకు 360 సెకన్లలో 0.78 శాతమంటే మూడు సెకన్లకు కాస్త తక్కువ. నా షూ ఒక్కొక్కటి 270 గ్రాములు. మొత్తం విప్పేస్తే, ఇంకేమీ మారకపోతే, కిలోమీటరుకు ఏడెనిమిది సెకన్ల లాభం రావాలి. నాకు వచ్చింది 70 సెకన్ల నష్టం. గ్రాముల మీద గంటలు గంటలు వాదించుకునే మా వాట్సాప్ గ్రూపు మిత్రులకు నేను చూపించేది ఈ రెండంకెల మధ్య దూరాన్నే.

పైగా ఆ ఏడెనిమిది సెకన్లు కూడా పూర్తిగా చేతికి రావు. ఎందుకో అదే బౌల్డర్ ల్యాబ్ 2012లో చేసిన ఒక ప్రయోగం చెబుతుంది. నాకు చాలా నచ్చిన ప్రయోగమిది. రోడ్జర్ క్రామ్ అనే ఆచార్యుడి దగ్గర పనిచేసేవాళ్లు, వట్టి కాళ్ల పరుగు బాగా అలవాటున్న 12 మందిని ట్రెడ్‌మిల్ ఎక్కించారు. ఒకసారి పలచటి సాక్సుతో, ఒకసారి 150 గ్రాముల తేలికపాటి షూస్‌తో. తర్వాత సన్నటి సీసం పట్టీలు పాదాలకు అంటించి, షూస్‌కూ అంటించి, బరువులు సరిసమానం చేసి మళ్లీ పరుగెత్తించారు. వట్టి పాదానికీ తేలికపాటి షూకూ ఆక్సిజన్ ఖర్చులో తేడా కనిపించలేదు. షూ 150 గ్రాముల బరువు మోస్తూ కూడా సమానంగా నిలిచింది. బరువులు సమానం చేశాక మాత్రం షూస్‌తో పరుగుకు 3, 4 శాతం తక్కువ శక్తి పట్టింది.

అంటే షూ అడుగున ఉన్న మెత్త మనకోసం ఏదో పని చేస్తోంది. షూ లేనప్పుడు ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. పాదం దిగిన ప్రతిసారీ పిక్క, అరికాలి కండరాలు, మోకాలి చుట్టూ ఉన్న కండరాలు స్ప్రింగులా వంగి దెబ్బను మింగాలి. కండరం ఊరికే పని చెయ్యదు, దానికి ఆక్సిజన్ పొయ్యాలి. బరువులో మిగిల్చిన పైసలు ఇక్కడ ఖర్చయిపోతాయి. 2014లో వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, షూస్‌లో వాడే ఫోమ్‌నే 10 మిల్లీమీటర్ల మందాన ట్రెడ్‌మిల్ బెల్టు మీద అంటించి, వట్టి కాళ్లతో పరుగెత్తించారు. మెత్త ఉంది, మోసే బరువు లేదు. అప్పుడు 1.6 శాతం ఆదా అయింది. వట్టి కాళ్ల రన్నరుకు స్వర్గం అదే. నెక్లెస్ రోడ్డు పొడుగునా ఎవరైనా ఫోమ్ పరిస్తే నేను సిద్ధం.

ఇంతటితో లెక్క తేలిపోయిందనుకోకండి. లీబర్‌మన్ ల్యాబే అదే 2012లో, పలచటి షూస్‌కు బాగా అలవాటుపడ్డ రన్నర్లను కొలిచి, షూ బరువునూ అడుగుల సంఖ్యనూ లెక్కలోంచి తీసేశాక కూడా మామూలు షూస్ కంటే పలచటి షూస్‌తో ఖర్చు 2.4 నుంచి 3.3 శాతం దాకా తక్కువుందని తేల్చింది. అరికాలి వంపు, మడమ వెనక ఉండే లావుపాటి స్నాయువు రబ్బరు బ్యాండులా సాగి, తిరిగి తన్నే శక్తిని పలచటి షూస్ ఎక్కువగా వాడుకోనిస్తాయని వాళ్ల ఊహ. రెండు ల్యాబులవీ మంచి ప్రయోగాలే. వాళ్లు పోల్చిన షూస్ వేరు, మనుషులు వేరు. నా మటుకు నేను తీసుకున్నది ఇంతే: బాగా అలవాటైన రన్నరుకు కూడా వట్టి కాళ్ల వల్ల వచ్చే లాభమైనా నష్టమైనా ఒకటి నుంచి మూడు నాలుగు శాతం లోపే. మన పేస్‌లో ఓ పది సెకన్ల మాట. అలవాటు లేని రన్నరు సంగతి పూర్తిగా వేరు.

మడమా, ముందు పాదమా అన్న రగడ కూడా ఇక్కడే తీర్చేద్దాం. వట్టి కాళ్లతో పరుగెత్తేవాళ్లంతా ముందు పాదం మీదే దిగుతారన్నది నిజం కాదు. ఉత్తర కెన్యాలోని దాసనచ్ అనే తెగవాళ్లు చిన్నప్పటి నుంచీ చెప్పులెరగరు. 2013లో వాళ్లను పరిశీలించినప్పుడు, దూరం పోయే మామూలు వేగంలో 72 శాతం సార్లు మడమ మీదే దిగారు. వేగం పెంచమన్నప్పుడు పాదం మధ్య భాగం మీద దిగడం పెరిగింది. అంటే పాదం దిగే తీరు వల్ల వేగం రావడం కంటే, వేగం వల్ల పాదం దిగే తీరు మారడమే ఎక్కువ. మునివేళ్ల మీద పరుగెత్తితే స్పీడొస్తుందని యూట్యూబ్‌లో చూసి, పార్కులో పిల్లిలా నడిచే కుర్రాళ్లకు ఈ మాట ఎవరైనా చెబితే బావుండు.

ఇప్పుడు అసలు పోగు, రోడ్డు. ల్యాబుల్లో ట్రెడ్‌మిల్ నున్నగా ఉంటుంది. హైదరాబాదులో అలా కాదు. కొత్తగా వేసిన తారు రోడ్డు పాదానికి పట్టులా ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచాక తారు కొట్టుకుపోయి కంకర పైకి తేలుతుంది. అప్పుడు అదే రోడ్డు అరికాలికి కొబ్బరి తురుముపీట. వట్టి కాళ్లతో పరుగెత్తేటప్పుడు గట్టిదనం అంత బాధించదు, గరుకుదనం బాధిస్తుంది. మొదటి వారం నేను మెత్తగా ఉంటుంది కదా అని కేబీఆర్ పార్కు లోపలి మట్టి బాట వెతుక్కుంటూ వెళ్లాను. మట్టి మెత్తగానే ఉంది గాని, అందులో కలిసిపోయి కనపడని గులకరాళ్లున్నాయి. పేస్ 7:40కి పడింది. నెమళ్లను చూడ్డానికి మాత్రం తీరిక దొరికింది.

రెండో వారంలో ఒక చిట్కా దొరికింది. రోడ్డు అంచున వేసే తెల్ల గీత. ఆ పెయింటు దళసరిగా పరుచుకుని కంకర సందులను పూడ్చేస్తుంది కాబట్టి, పక్కన రోడ్డు ఎంత గరుకుగా ఉన్నా గీత మటుకు నున్నగా ఉంటుంది. జానెడు వెడల్పు. దాని మీద పడ్డ రాయైనా, పెంకైనా, పాన్ ఉమ్మైనా తెల్లవారుజాము మసక వెలుతుర్లో కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ రోజు నా కాళ్లు బలపడలేదు, పద్ధతి మారలేదు, ఒక్క రోడ్డు మారింది. వాచీ 7:05 నుంచి 6:35కి వచ్చింది. పొద్దున్నే వెళ్లండి, బండ్లు ఎదురుగా వచ్చే వైపు పరుగెత్తండి, గీత మీద పడి ట్రాఫిక్ మర్చిపోకండి.

గీతలు వానలో జారతాయన్నది నేను కింద పడి నేర్చుకున్న పాఠం, అది వేరే కథ.

ఎత్తుపల్లాల సంగతి కూడా మన ఊళ్లో ముఖ్యమే, ఎందుకంటే ఇక్కడ చదునైన కిలోమీటరు దొరకడమే గగనం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ పరుగెత్తినవాళ్లకు ఫ్లైఓవర్ల రుచి తెలుసు. ఎక్కేటప్పుడు వట్టి కాళ్లకు ఇబ్బంది లేదు, ఎత్తులో ఎలాగూ అందరం ముందు పాదం మీదే ఎక్కుతాం, అంగ కూడా చిన్నదే వేస్తాం. దిగేటప్పుడు ఉంది బాధ. షూ అయితే అడుగు భాగం రోడ్డును పట్టుకుంటుంది, పాదం లోపల కాస్త జారి సర్దుకుంటుంది. వట్టి కాలికి ఆ వెసులుబాటు లేదు. చర్మాన్ని రోడ్డు వెనక్కి లాగుతుంది, ఎముక ముందుకు పోతుంది. ఆ రాపిడికి చర్మం పొరలు విడిపోయి బొబ్బలెక్కుతాయి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి వైపు పల్లంలో కిలోమీటరు దిగిన రోజు బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. శబరిమలలోనూ అంతే. పంబ నుంచి ఎక్కుతున్నప్పుడు ఏమీ కాలేదు, దిగేటప్పుడు అరికాళ్లు మండిపోయాయి.

అరికాళ్లు మొద్దుబారితే అన్నీ సర్దుకుంటాయంటారు పెద్దవాళ్లు. మాట సగం నిజం. చర్మం మందమవుతుంది. కానీ మొద్దుబారదు. 2019లో నేచర్‌లో వచ్చిన మరో పరిశోధనలో, చెప్పుల్లేకుండా పెరిగినవాళ్ల పాదాల్లో దళసరి చర్మం నరాల స్పర్శను ఏమీ తగ్గించలేదని తేలింది. పొలంలో వట్టి కాళ్లతో తిరిగే మా నాయనమ్మ పల్లేరు కాయ గుచ్చుకుంటే ఠక్కున ఆగి తీసేసేది. ఆమె పాదం రాయిలా ఉండేదని మేమనుకున్నాం గాని, దానికి అన్నీ తెలిసేవి. ఆ స్పర్శ ఉండబట్టే కాలు జాగ్రత్తగా దిగుతుంది.

మూడో వారానికల్లా రోడ్డు భయం తగ్గింది, చర్మం కుదుటపడింది, పేస్ 6:20కి వచ్చింది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. వాచీ బాగుంది కదా అని దూరం పెంచేస్తారు. లోపల ఏం జరుగుతోందో వాచీ చెప్పదు. ముందు పాదం మీద దిగినప్పుడు మోకాలి మీద భారం తగ్గుతుంది, నిజమే. ఆ భారం గాలిలో కలిసిపోదు. పిక్కకూ, మడమ వెనక స్నాయువుకూ, పాదం మధ్యలో ఉండే పొడుగాటి సన్న ఎముకలకూ బదిలీ అవుతుంది. అప్పు తీరలేదు, అప్పు పేరు మారింది. ఐదు కిలోమీటర్లలో ఒక్కో పిక్క దాదాపు మూడు వేల సార్లు ఆ పని చేస్తుంది.

వీటిలో ఏదీ ఒకే వేగంతో అలవాటు పడదు. చర్మానికి రెండు మూడు వారాలు చాలు. కండరం కూడా వారాల్లోనే గట్టిపడుతుంది. స్నాయువుకు నెలలు పడుతుంది. ఎముక మీద కొత్త భారం పడితే అది ముందు పాత ఎముకను కరిగించుకుని, తర్వాత కొత్తది కట్టుకుంటుంది, ఆ చక్రం తిరగడానికి మూడు నాలుగు నెలలు. మధ్యలో ఆ ఎముక మునుపటి కంటే బలహీనంగా ఉంటుంది. 2013లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీవాళ్లు అనుభవమున్న 36 మంది రన్నర్లను తీసుకుని, కొంతమందిని 10 వారాల్లో మెల్లగా వేళ్ల షూస్‌కు మార్చి, ముందూ తర్వాతా ఎంఆర్ఐ తీశారు. మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగింది. 10 వారాలంటే 70 రోజులు. మన మండలం 41 రోజులే.

అందుకే నేను మూడో వారం తర్వాత కూడా ఐదు కిలోమీటర్లు దాటలేదు, రోజు విడిచి రోజే పరుగెత్తాను. నాకు కలిసొచ్చిన సంగతి ఇంకోటుంది. దీక్షలో రోజంతా వట్టి కాళ్లతోనే నడుస్తాం, ఆఫీసులోనూ, కూరగాయల బజారులోనూ. పరుగుకు ముందే పాదానికి రోజుకు వేల అడుగుల సాధన దొరికింది. మామూలు రోజుల్లో షూస్ విప్పి పరుగెత్తేవాళ్లు రోజంతా షూస్‌లో ఉండి, ఆ అరగంట మాత్రమే వట్టి కాళ్ల మీద పడతారు. పిక్క పట్టెయ్యక ఏం చేస్తుంది?

ఇక నేను గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం. ఐదో వారం చివర, డిసెంబరు నెలాఖరులో, అదే నెక్లెస్ రోడ్డు మీద వట్టి కాళ్లతో కిలోమీటరుకు 5:55 వచ్చింది. షూస్‌తో మునుపు వచ్చిన దానికంటే ఐదు సెకన్లు తక్కువ. గ్రూపులో ఫొటో పెట్టేశాను కూడా. తర్వాత తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే సిగ్గేసింది. నవంబరులో ఉక్కపోత ఇంకా పూర్తిగా పోలేదు, డిసెంబరు నెలాఖరుకు పొద్దున చలి వణికిస్తోంది. చలిలో ఎవరికైనా పేస్ బావుంటుంది, గుండె రక్తాన్ని చర్మం చల్లబరచడానికి పంపే పని తగ్గి కాళ్లకు పంపుతుంది. పైగా దీక్షలో ఒక్కపూట భోజనం, రాత్రి పెందలాడే నిద్ర, నాలుగింటికే లేవడం. మూడు కిలోల బరువు తగ్గాను. బీరు లేదు, బిర్యానీ లేదు. ఇన్ని మారాక ఆ ఐదు సెకన్లను పాదాల ఖాతాలో వేస్తే అన్యాయం. షూస్ మార్చాక స్పీడ్ పెరిగిందని ఎవరైనా చెప్పినప్పుడు నేనిప్పుడు అడిగే మొదటి ప్రశ్న, "ఏ నెలలో మార్చారు?"

చరిత్రలోని పెద్ద ఉదాహరణనూ ఇలాగే చూడాలి. వట్టి కాళ్ల వాదన వస్తే అందరూ అబెబె బికిలా పేరెత్తుతారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ ఇథియోపియా సైనికుడు కాళ్లకు ఏమీ లేకుండా మారథాన్‌ను 2:15:16లో ముగించి ప్రపంచ రికార్డు సృష్టించాడు. ఇచ్చిన షూస్ సరిగా పట్టకపోవడంతో, అప్పటికే అలవాటున్న వట్టి కాళ్లతోనే దిగాడు. చెప్పేవాళ్లు అక్కడితో ఆపేస్తారు. అదే బికిలా 1964 టోక్యోలో షూస్ వేసుకుని 2:12:11లో పరుగెత్తి మళ్లీ బంగారు పతకం, మళ్లీ ప్రపంచ రికార్డు తెచ్చుకున్నాడు. అదీ అపెండిసైటిస్ ఆపరేషన్ అయిన దాదాపు ఒక మండలానికి. కిలోమీటరుకు రోమ్‌లో 3:12, టోక్యోలో 3:08. ఆ నాలుగు సెకన్లు షూస్ వల్లేనని నేననను, మధ్యలో నాలుగేళ్ల సాధన ఉంది. కానీ రోమ్ గెలుపు వట్టి పాదాల వల్లేనని అనేవాళ్లు టోక్యోను కూడా చెప్పాలి.

ఈ రోజు ముందు వరుసలో పరుగెత్తేవాళ్లు ఏ వైపు వెళ్లారో చూస్తే పందెం పేస్ సంగతి మాత్రం తేలిపోతుంది. సీసం పట్టీలు అంటించిన ఆ బౌల్డర్ ల్యాబే తర్వాత మందపాటి ఫోమ్‌లో కార్బన్ పలక పెట్టిన నైకీ షూస్‌ను కూడా కొలిచింది. అప్పటికి పేరున్న పందెం షూస్‌తో పోలిస్తే శక్తి ఖర్చు సగటున 4 శాతం తగ్గింది. 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యా రన్నరు ఎలియుడ్ కిప్చోగే 1:59:40లో మారథాన్ దూరం పూర్తిచేసింది ఆ జాతి షూస్‌తోనే. వ్యవహారం ఎంత దూరం పోయిందంటే, చివరికి పరుగు పందేల నిబంధనలు పెట్టే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్డు పందేల షూ అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించకూడదని హద్దు పెట్టాల్సి వచ్చింది. వట్టి కాళ్లతో పరుగెత్తడానికి మాత్రం నిబంధనల్లో ఇప్పటికీ అడ్డు లేదు. ఎవరూ అటు పోవడం లేదంతే.

ఒక్క మాట నిక్కచ్చిగా. షుగర్ ఉన్నవాళ్లు ఈ ప్రయోగం చెయ్యొద్దు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు గాజుపెంకు దిగినా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది, అది తొందరగా మానదు. మాల వేసుకునేవాళ్లలో కూడా షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగే చెప్పులు వదలాలి. మిగతావాళ్లు టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.

జనవరిలో మాల తీశాక షూస్ వేసుకుంటే దిండ్ల మీద నిలబడ్డట్టనిపించింది. మొదటి వారం అడుగులు 170 దగ్గరే ఉన్నాయి. ఫిబ్రవరి వచ్చేసరికి 166. కాళ్లకు ఎవరూ గుర్తుచెయ్యకపోతే పాత అలవాటే వాటికి సుఖం. అందుకని ఇప్పుడు వారానికో రోజు, రెండు కిలోమీటర్లు, వాచీ ఇంట్లో పెట్టి, వట్టి కాళ్లతో తెల్ల గీత మీద పరుగెత్తుతున్నాను. ఈసారి మాలకు దసరా నుంచే ఇంటి చుట్టూ చెప్పుల్లేకుండా నడక మొదలుపెడదామని అనుకుంటున్నాను, అప్పుడు నవంబరుకు పిక్కలు సిద్ధంగా ఉంటాయి.

మొన్న ప్లాజా దగ్గర ఆ మిత్రుడు మళ్లీ కనిపించాడు. ఈ ఏడు తనూ మాల వేస్తున్నాడట. నా గీతను పరీక్షగా చూసి, "ఇద్దరికి సరిపోదు గదా" అన్నాడు. అవతలి అంచున ఇంకోటుందని చూపించాను.